సుస్థిరాభివృద్ధి పాఠం ఊరి బోరింగు దగ్గర మొదలుపెడదాం

ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు ఎన్ని? 17. ఎప్పుడు ఆమోదించారు? 2015 సెప్టెంబరులో. ఎన్ని దేశాలు ఒప్పుకున్నాయి? 193. ఎప్పటిలోగా సాధించాలి? 2030లోగా. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకే కాదు, హైస్కూలు పిల్లల్లో చాలామందికి కూడా ఈ నాలుగు జవాబులు నోటికి వచ్చు. ఐదో ప్రశ్న అడిగి చూడండి. ‘‘ఆరో లక్ష్యం పరిశుభ్రమైన నీరు కదా, మీ ఊళ్లో అది ఎంతవరకు వచ్చింది?’’ అంటే తరగతి నిశ్శబ్దమైపోతుంది. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఓ గొంతు లేస్తుంది: ‘‘సార్, ఇది పరీక్షల వస్తదా?’’

తప్పు ఆ పిల్లవాడిది కాదు. ప్రపంచ లక్ష్యాలను న్యూయార్కులో రాసుకున్న జాబితాలాగే మనం తరగతి గదిలోకి తెస్తున్నాం. రంగురంగుల 17 గడుల చార్టు గోడకు అంటిస్తున్నాం, లక్ష్యాల పేర్లు వరసగా రాయిస్తున్నాం, మార్కులు వేస్తున్నాం. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల బడుల్లో ఇలా చెప్పడం మరీ పెద్ద నష్టం. ఎందుకంటే ఆ చార్టులోని లక్ష్యాల్లో సగానికి పైగా ఇక్కడి జనం ఒంటి మీద రాసి ఉన్నాయి. నీళ్ల గోస, వలస, కూలి, అడవి, భూమి వంటి మాటలు ఇక్కడి పిల్లలకు పుస్తకం కంటే ముందే ఇంట్లో తెలుసు. ప్రపంచం పెట్టుకున్న లక్ష్యాలను ఈ నేల మీద నుంచి చెప్పగలిగితేనే సాంఘికశాస్త్రం నిజంగా చెప్పినట్టు.

పుస్తకం తలుపు తెరిచే ఉంది

దీనికి కొత్త సిలబస్ ఏమీ అక్కర్లేదు. మన పదో తరగతి సాంఘికశాస్త్రంలో భారతదేశ నదులు, నీటి వనరుల పాఠం ఉంది. ప్రజలు, వలసల పాఠం ఉంది. సమానతతో కూడిన సుస్థిరాభివృద్ధి మీద ఏకంగా ఓ అధ్యాయమే ఉంది. నీటి పాఠంలో మహారాష్ట్రలోని హివారే బజార్ గ్రామం కథ చదువుతాం. వలసల పాఠంలో అదే రాష్ట్రంలో చెరకు నరికే కూలీల గురించి చదువుతాం. రెండూ మంచి ఉదాహరణలే. కానీ వలసల పాఠాన్ని నారాయణపేటలోనో మక్తల్‌లోనో చెబుతున్నప్పుడు, అదే గదిలో అమ్మానాన్న బొంబాయి పోయి నానమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల కూర్చుని ఉండవచ్చు. ఆమె జీవితంలోని విషయాన్నే ఆమెకు వేరే రాష్ట్రం ముచ్చటగా చెప్పి దాటేస్తే ఎట్లా? చెరకు కూలీల పేరా అయిపోయాక ‘‘మరి మన దగ్గర?’’ అని ఒక్క మాట అడిగితే చాలు, పాఠం పుస్తకం దాటి బయటికి వస్తుంది.

సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది నాణ్యమైన విద్య. దాని కింద 4.7 అనే ఉప లక్ష్యం ఉంది. సుస్థిరమైన అభివృద్ధికి అవసరమైన జ్ఞానం, నైపుణ్యం ప్రతి విద్యార్థికీ అందాలన్నది దాని సారాంశం. జ్ఞానమంటే 17 పేర్లు. మరి నైపుణ్యమంటే? కొలవడం, పోల్చడం, కారణం వెతకడం, బాధ్యులను అడగడం. మన బడుల్లో మొదటిది జరుగుతోంది, రెండోది జరగడం లేదు.

ఒక్క నీటి పాఠంలో ఎన్ని సంగతులు!

ఫ్లోరైడ్ సంగతే తీసుకుందాం. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట 1937లో ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్గొండ ఫ్లోరోసిస్ మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అంటే మన మర్రిగూడ, మునుగోడు, చండూరు పల్లెల బాధ ప్రపంచ వైద్యులకు తెలిసి డెబ్బై ఏళ్లయింది. ఇక్కడి గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. వాన తక్కువ, చెరువులు నిండవు, బోర్లు లోతుకు పోతాయి. లోతుకు పోయినకొద్దీ రాయిని ఎక్కువ కాలం అంటిపెట్టుకున్న నీళ్లు పైకి వస్తాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఇక్కడి కొన్ని ఊళ్లలో దానికి ఎన్నో రెట్లు నమోదైంది. ఆ నీళ్లే ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లు పట్టేస్తాయి, ఎముకలు వంగిపోతాయి. వంగిన ఎముకను మళ్లీ నిలబెట్టే మందు లేదు. భూగోళం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం మూడూ ఇందులోనే ఉన్నాయి.

పిల్లలకు తప్పక చెప్పాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ప్రపంచ నీటి ఇంజినీరింగ్ పుస్తకాల్లో ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు కనిపిస్తుంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో దీన్ని రూపొందించింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి, తిప్పి, తేరనిస్తే ఫ్లోరైడ్‌లో చాలా భాగం మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది. ఈ పద్ధతిని కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా తీసుకెళ్లారు. నల్గొండ పేరు ఆఫ్రికాకు చేరింది. మరి నల్గొండ హైస్కూల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

అయితే కథ అక్కడ ఆపకూడదు. ఈ పద్ధతికి రోజూ పటిక కావాలి, లెక్క తెలిసిన మనిషి కావాలి, అడుగున మిగిలే మడ్డిని ఎక్కడో ఒకచోట పారబోయాలి. నీటిలో అల్యూమినియం మిగిలిపోకుండా చూసుకోవాలి. నిర్వహణ ఆగిపోయిన చోట ప్లాంటూ ఆగిపోయింది. ‘సుస్థిరం’ అన్న మాటకు ఇంతకంటే మంచి వివరణ ఏ నిఘంటువులోనూ దొరకదు. ప్రారంభోత్సవం రోజు పనిచేయడం వేరు, పదేళ్ల తర్వాత కూడా పనిచేయడం వేరు.

తర్వాత కృష్ణా నీళ్ల కథ. 2004లో కృష్ణా తాగునీటి పథకం మొదటి దశ హైదరాబాదుకు నీళ్లు తెచ్చింది. నీటిని శుద్ధి చేసే కోదండాపురం ఉన్నది నల్గొండ జిల్లాలోనే. ఆ పైపులైన్లను మ్యాపు మీద గీయించండి. పక్కనే ఫ్లోరైడ్ పీడిత గ్రామాలను గుర్తించమనండి. ‘‘మన పక్క నుంచే పైపు పోతుంటే మనకెందుకు ముందు రాలేదు?’’ అన్న ప్రశ్న పిల్లలే వేస్తారు. అసమానతల తగ్గింపు అనే పదో లక్ష్యాన్ని విడిగా నిర్వచించాల్సిన పని ఉండదు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి, 2016లో ప్రారంభించిన మిషన్ భగీరథతో నల్లా నీళ్లు ఊళ్లకు వచ్చాయి. ఇది పెద్ద మార్పు, దాన్ని మార్పుగానే చెప్పాలి.

ఇక్కడే ఓ ముఖ్యమైన లంకె ఉంది. ఆరో లక్ష్యం కింద ‘సురక్షితంగా నిర్వహిస్తున్న తాగునీరు’ అనే కొలత ఉంది. నీళ్లు ఇంటి ఆవరణలో రావాలి, అవసరమైనప్పుడు రావాలి, మలినాలు, ప్రమాదకర రసాయనాలు ఉండకూడదు. ఏ దేశంలోనైనా ముందుగా చూడాల్సిన రసాయనాలుగా రెండింటి పేర్లు చెప్పారు. ఒకటి ఆర్సెనిక్, రెండోది ఫ్లోరైడ్. అంటే నల్గొండ గోస ప్రపంచ లక్ష్యం నిర్వచనంలోనే ఉంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మర్రిగూడ పిల్లకు న్యూయార్కు చార్టు పరాయిదిగా అనిపించదు.

480 మంది అభ్యర్థులు చెప్పిన పౌరశాస్త్రం

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. నీళ్ల సమస్యను దేశం దృష్టికి తేవడానికి జలసాధన సమితి పిలుపుతో సామాన్యులు నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు.

ఎన్నికల పాఠంలో దీన్ని చర్చకు పెడితే తరగతి ఎంత వేడెక్కుతుందో ఊహించండి. వాళ్లు చేసింది సరైనదేనా? ఓటు వేయడం కాకుండా పౌరుడికి ఇంకేం దారులున్నాయి? డిపాజిట్ పెంచడం వల్ల ఎవరికి మేలు, ఎవరికి కష్టం? శాంతి, న్యాయం, బలమైన సంస్థలు అనేది 16వ లక్ష్యం. పుస్తకంలో అది పొడిపొడిగా ఉంటుంది. ఈ జిల్లా చరిత్రలో మాత్రం దానికి పేరూ ఊరూ ఉన్నాయి.

పాలమూరు కూలీ, ఎనిమిదో లక్ష్యం

ఇక పాలమూరు. దేశంలో పెద్ద ఆనకట్ట ఎక్కడ కట్టినా అక్కడ పాలమూరు కూలీ చెమట ఉంటుందని పెద్దలు చెబుతారు. గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, కుటుంబం మొత్తం కదిలిపోతుంది, బడిలో హాజరు పట్టీ మీద ఎర్ర గీతలు మిగులుతాయి. వాళ్లు కట్టిన కాలువల్లో నీళ్లు ఎవరి పొలాలకో పారాయి. సొంత ఊరి చేను మాత్రం వాన కోసం చూస్తూ కూర్చుంది. గౌరవప్రదమైన పని అనే ఎనిమిదో లక్ష్యంలో వలస కార్మికుల హక్కుల ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. బాల కార్మిక వ్యవస్థను అన్ని రూపాల్లో 2025 నాటికే అంతం చేయాలని అదే లక్ష్యం కింద గడువు పెట్టుకున్నారు. ఆ గడువు దాటిపోయింది.

ఈ పాఠానికి కావలసిన సమాచారం ఊళ్లోనే ఉంది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో ఓ చట్టం వచ్చింది. ప్రయాణ ఖర్చు, స్థానభ్రంశ భత్యం వంటివి అందులో రాశారు. దాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఊళ్లో బొంబాయి పోయి వచ్చిన పదిమంది పెద్దలను పిల్లలు అడగాలి: ‘‘తాతా, మీకు ప్రయాణ ఖర్చు ఎవరిచ్చిండ్రు? ఈ చట్టం ఉందని ఎవరన్నా చెప్పిండ్రా?’’ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006లో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. ఆ పని వచ్చాక వలస తగ్గిందా, ఎన్ని రోజులు తగ్గింది, నీళ్లు వచ్చాక ఎవరు తిరిగి వచ్చారు? చట్టంలో రాసినదానికీ బతుకులో జరిగినదానికీ మధ్య దూరాన్ని కొలవడమే సాంఘికశాస్త్రం.

వలస బొమ్మ తిరగబడిన తీరూ చూపించాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది ఇప్పుడు బిహార్ నుంచి వచ్చినవాళ్లు. నాట్లకూ ఉత్తరాది ముఠాలు వస్తున్నాయి. ఒకప్పుడు మనవాళ్లు వేరే చోట పడిన బాధ, ఇప్పుడు మన ఊళ్లో ఇంకొకరు పడుతున్నారా? ఈ ప్రశ్న మన మీదికే వస్తుంది కాబట్టే అడగాలి.

లక్ష్యాలు ఒకదానితో ఒకటి తగాదా పడితే?

చార్టు మీద 17 గడులు పక్కపక్కనే బుద్ధిగా కూర్చుంటాయి. నేల మీద అలా ఉండవు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగమే దీనికి సాక్ష్యం. శ్రీశైలం జలాశయం నుంచి దాదాపు 44 కిలోమీటర్లు కొండ కింద తవ్వి, నల్గొండ జిల్లా కరువు, ఫ్లోరైడ్ ప్రాంతాలకు నీళ్లు తేవాలన్నది ఉద్దేశం. ఇది ఆరో లక్ష్యం. పైన అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి మధ్యలో దారులు తీయకుండా రెండు కొసల నుంచే తవ్వాలని నిర్ణయించారు. ఇది 15వ లక్ష్యం, భూమి మీది జీవరాశి. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్లు. ఇది ఎనిమిదో లక్ష్యం. ఒకప్పుడు ఎక్కడో ఆనకట్టల దగ్గర పాలమూరు కూలీ ఉన్న చోట, ఇప్పుడు పాలమూరు నేల మీద జార్ఖండ్ కూలీ ఉన్నాడు.

నీళ్లు కావాలి, అడవి ఉండాలి, మనిషి క్షేమంగా ఇంటికి చేరాలి. మూడూ న్యాయమే. ఏది ఎంత, ఎవరు నిర్ణయించాలి? ఆ నిర్ణయంలో ఆ మనిషికి మాట ఉందా? నల్లమలలో యురేనియం తవ్వకాల మీద 2019లో లేచిన వ్యతిరేకత, ఆ సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా చేసిన తీర్మానం కూడా ఇదే కోవలోకి వస్తాయి. అక్కడ ఒక పక్క ఇంధనం, మరో పక్క అడవి, చెంచుల బతుకు. ఒకే సరైన జవాబు లేని ప్రశ్నలను పద్నాలుగేళ్ల పిల్లలు చర్చించగలరా అని కొందరు సందేహిస్తారు. ఇంట్లో పెళ్లి ఖర్చా, బోరు ఖర్చా అన్న తర్జనభర్జన రోజూ వినే పిల్లలు వాళ్లు. నిక్షేపంగా చర్చించగలరు.

ఆరు పీరియడ్లు చాలు

ఎలా చెప్పాలన్నది అసలు సమస్య అని ఉపాధ్యాయులు అంటారు. ఒక దారి ఇది. మొదటి పీరియడ్‌లో ఆరో లక్ష్యం కొలతను నాలుగు సాదా ప్రశ్నలుగా బోర్డు మీద రాయండి: నీళ్లు ఇంటికి వస్తున్నాయా? కావలసినప్పుడు వస్తున్నాయా? పరీక్ష చేశారా? ఫలితం ఎంత? తర్వాతి రెండు పీరియడ్లలో పిల్లలు తమ వాడలో ఇరవై ఇళ్లు తిరిగి జవాబులు రాసుకోవాలి. నల్లా ఉన్నా క్యాను నీళ్లు కొంటున్న ఇళ్లెన్ని, నెలకు ఎంత ఖర్చు, పాత బోరింగు నీళ్లు ఇప్పటికీ ఎవరు తాగుతున్నారు అన్నవి కూడా. నీటి పరీక్షకు ఊళ్లకు ఫీల్డ్ టెస్ట్ కిట్లు ఇచ్చారు, మహిళలకు శిక్షణా ఇచ్చారు. వాళ్లను ఒకరోజు బడికి పిలవండి. నాలుగో పీరియడ్‌లో లెక్కలు పట్టికగా వేయాలి. ఐదో పీరియడ్‌లో చర్చ. ఆరో పీరియడ్‌లో పంచాయతీ కార్యదర్శికి ఒక పేజీ వినతి.

ఆ చివరి పేజీయే అసలు పరీక్ష. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఈ 17 లక్ష్యాలను పల్లెకు తగ్గట్టు తొమ్మిది అంశాలుగా కుదించింది. పేదరికం లేని పంచాయతీ, ఆరోగ్య పంచాయతీ, బాలల నేస్తమైన పంచాయతీ, నీటి సమృద్ధి గల పంచాయతీ ఇలా. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక వాటి ప్రకారమే తయారు కావాలి. కాబట్టి పిల్లల పట్టిక ఉత్త ప్రాజెక్టు పని కాదు, గ్రామసభలో పెట్టదగిన కాగితం. నిర్మాణాత్మక మదింపులో ప్రాజెక్టు పనికి మార్కులు ఎలాగూ ఉన్నాయి. గైడు చూసి దించిన పది పేజీలకంటే ఇరవై ఇళ్ల లెక్కకు ఆ మార్కులు వేయడం న్యాయం.

ఒక జాగ్రత్త. ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన పక్కింటి తాతను ప్రదర్శన వస్తువు చేయకూడదు. వలస పోయిన ఇంటి పిల్లను నలుగురిలో నిలబెట్టి కథ చెప్పించకూడదు. ఫొటోలు వద్దు, పేర్లు వద్దు, లెక్క మాత్రమే. పళ్లు గారపట్టిన పిల్లవాడు ఈ పాఠం తర్వాత ఇంకా ముడుచుకుపోతే పాఠం ఓడిపోయినట్టే. అది తన తప్పు కాదు, రాయిదీ, ఆలస్యమైన నీళ్లదీ అని తెలుసుకుని తలెత్తి నవ్వితే గెలిచినట్టు.

అభ్యంతరాలూ వినాలి

‘‘సిలబస్సే అయితలేదు, సర్వేలెక్కడ చేయిస్తం’’ అని ఉపాధ్యాయులు అంటారు. ఇందులో నిజముంది. ఎన్నికల విధుల నుంచి ఆన్‌లైన్ నమోదుల దాకా అన్నీ వాళ్ల నెత్తినే పడుతున్నాయి. అందుకే కొత్త కార్యక్రమం, కొత్త యాప్, కొత్త నివేదిక అక్కర్లేదు. ఉన్న మూడు పాఠాలను ఇంకో రకంగా చెప్పడమే ఇది. ‘‘బడిలో రాజకీయాలు వస్తాయి’’ అన్నది రెండో భయం. పార్టీల పేరు లేకుండా లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో మాట్లాడవచ్చు. ఏ ప్రభుత్వం ఎప్పుడు ఏం చేసిందో తేదీతో చెబితే అది చరిత్ర అవుతుంది, ప్రచారం కాదు. జరిగిన మేలు దాచకూడదు, మిగిలిన పని కూడా దాచకూడదు.

‘‘నీటిని ఆదా చేయండి, చెట్లు నాటండి’’ అంటే సరిపోదా అన్నది మూడో మాట. బిందె కోసం మైలు నడిచిన ఇంటి పిల్లకు నీటి పొదుపు గురించి నీతి చెప్పడం బాగుండదు. ఆమెకు చెప్పాల్సింది హక్కు గురించి, లెక్క గురించి.

ఈ పాఠం ఉద్యోగానికీ పనికొస్తుంది

ఈ పేజీ చదివేవాళ్లలో బీఈడీ చేస్తున్నవాళ్లు, డీఎస్సీకి చదువుతున్నవాళ్లు, గ్రూప్స్ రాస్తున్నవాళ్లు ఉంటారు. అభివృద్ధి, పర్యావరణం గ్రూప్స్ సిలబస్‌లో ఉన్నాయి. అక్కడ పది మంది రాసే నిర్వచనం కంటే, నల్గొండ టెక్నిక్ ఎక్కడ నిలిచింది, ఎక్కడ ఆగింది అని రాసిన వ్యాసానికి బరువు ఎక్కువ. స్టాక్ మార్కెట్‌లో నమోదైన అగ్రశ్రేణి 1,000 కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ, సామాజిక బాధ్యత నివేదిక ఇవ్వాలని సెబీ తప్పనిసరి చేసింది. నీటి పరీక్ష, మ్యాపింగ్, సర్వే, లెక్కల విశ్లేషణ తెలిసినవాళ్ల అవసరం కంపెనీలకూ స్వచ్ఛంద సంస్థలకూ ప్రభుత్వ శాఖలకూ ఉంది. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి బీఈడీ, డిగ్రీ విద్యార్థులు తలా ఒక బడిని ఎంచుకుని ఈ ఆరు పీరియడ్ల పని చేయించినా, రెండేళ్లలో ఊరూరి నీటి పట్టిక తయారవుతుంది.

గడువు దగ్గర పడుతోంది

ఐరాస 2024 నివేదిక ప్రకారం, లెక్క తేలిన ఉప లక్ష్యాల్లో ప్రపంచం సరైన దారిలో నడుస్తున్నది 17 శాతంలోనే. నీతి ఆయోగ్ 2023-24 సూచీలో మన దేశానికి వచ్చింది 100కు 71. ఈ అంకెలు పెద్ద సగటులు. సగటులో మర్రిగూడ కనబడదు, మక్తల్ కనబడదు, దోమలపెంట కనబడదు. కనబడాలంటే అక్కడి పిల్లలే కొలిచి చెప్పాలి.

ఇప్పుడు తొమ్మిది, పది తరగతుల్లో ఉన్న పిల్లలు 2030 నాటికి ఓటర్లు. ప్రపంచం పెట్టుకున్న గడువూ, వాళ్ల తొలి ఓటూ దాదాపు ఒకేసారి వస్తాయి. ఆ రోజు ఊళ్లోకి వచ్చే అభ్యర్థిని వాళ్లు ఏమడుగుతారన్నది ఇవాళ్టి సాంఘికశాస్త్రం పీరియడ్ మీద ఆధారపడి ఉంది. 17 పేర్లు అప్పజెబుతారా, లేక చేతిలో తమ వాడ లెక్క పట్టుకుని ‘‘ఇరవై ఇళ్లల్ల ఎనిమిదింటికి ఇంకా క్యాను నీళ్లే, ఎందుకు సార్?’’ అంటారా? రెండో ప్రశ్న అడిగే తరాన్ని తయారు చేసే పని ఉపాధ్యాయులది, కాబోయే ఉపాధ్యాయులది. రేపటి పీరియడ్‌లో చార్టు పక్కన పెట్టి ఒకసారి పిల్లలను ఊరి బోరింగు దగ్గరికి తీసుకెళ్లండి.